పాత ఓమ్నీ వ్యాన్‌లో గేరు గరగర: కారణం వెతికిన క్రమం

నేపథ్యం

ఈ కేసులోని బండి గేరు వేస్తే గరగరమంటూ మా గ్యారేజీకి వచ్చిన ఒక పాత మారుతి ఓమ్నీ. 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి, తరువాత ఓమ్నీగా పేరు మారి, 2019 వరకు తయారైన ఈ బండ్లు మన పట్టణాలలో ఇప్పటికీ సరుకు మోస్తూ కనిపిస్తాయి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. దాని వెనుక క్లచ్, ఆ వెనుక గేరు బాక్సు, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక చక్రాలకు శక్తి చేరుతుంది. ఈ అమరికను ముందే చెప్పడానికి కారణం ఉంది. క్లచ్ పెడల్ బండి ముందు కొసన, క్లచ్ ఇంజిన్ వెనుక ఉండడం వల్ల ఆ రెండింటినీ కలిపే కేబుల్ నేల కింద బురదకూ నీటికీ దగ్గరగా పొడవుగా సాగుతుంది. గేరు లివర్‌కూ గేరు బాక్సుకూ మధ్య కూడా ఇలాగే దూరం ఉంది. అందువల్ల ఈ బండిలో గేరు శబ్దానికి మూలం బాక్సులోనే ఉండాలన్న నియమం లేదు.

యజమాని పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంటలు చేయించే వ్యక్తి. గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, బియ్యం బస్తాలు వేసుకుని సందుల్లోకి వెళ్లడం, ఫంక్షన్ హాలు వెనుక వాకిలి దాకా రివర్స్‌లో పోవడం ఈ బండి రోజువారీ పని. మామూలు కుటుంబ వాహనం ఒక నెలలో చేసే రివర్స్ పనిని ఇది ఒక ముహూర్తం రోజున చేస్తుంది. ఓడోమీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎంత దూరం తిరిగిందో చెప్పే ఆధారం లేదు.

మా దగ్గరకు వచ్చేసరికి బండికి ఒక మరమ్మతు జరిగి ఉంది. కొన్ని నెలల క్రితం వేరొక గ్యారేజీలో క్లచ్ సెట్టు, అంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, మొత్తం కొత్తవి వేశారు. గేరు ఆయిలూ మార్చారు. అయినా శబ్దం తగ్గకపోవడంతో గేరు బాక్సు విప్పి బాగు చేయించాలని, లేదా పాత సామాన్ల మార్కెట్లో వేరే బాక్సు కొని వేయించాలని సలహా ఇచ్చారు. అంత ఖర్చు పెట్టే ముందు ఇంకొకరి అభిప్రాయం తీసుకుందామని యజమాని మా దగ్గరకు వచ్చారు.

సమస్య ఏమిటి

డ్రైవరు చెప్పిన మాట ఇది: “అన్నా, రివర్స్ వేస్తే ఎప్పుడూ గర్రుమంటది. ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ గేరు గట్టిగా తోస్తే గానీ పడదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెకండ్ కూడా అరుస్తది.” ఇంకా అడిగితే, మూడో గేరు నుంచి రెండుకు తొందరగా దించినప్పుడు బండి వేడెక్కాక కూడా శబ్దం వస్తుందనీ, మూడు, నాలుగు గేర్లు ఏ ఇబ్బందీ లేకుండా పడతాయనీ చెప్పాడు. ఏ గేరూ దానంతట అది జారి న్యూట్రల్‌లోకి రాదని కూడా చెప్పాడు.

ఈ నాలుగు వాక్యాలలోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఈ బాక్సులో ముందుకు పోయే గేర్లన్నిటికీ సింక్రో రింగులు ఉన్నాయి, రివర్స్‌కు లేదు. సింక్రో రింగు చేసే పని, తిరుగుతున్న రెండు భాగాల వేగాలను రాపిడితో సమానం చేసి, ఆ తరువాతే పళ్లు కలవనివ్వడం. రివర్స్‌కు ఆ సాయం లేదు కాబట్టి, క్లచ్ తొక్కాక కూడా ఇన్‌పుట్ షాఫ్ట్, అంటే క్లచ్ నుంచి గేరు బాక్సులోకి శక్తిని తెచ్చే కడ్డీ, తిరుగుతూనే ఉంటే రివర్స్ గేరు పళ్లు నేరుగా ఒరుసుకుంటాయి. అంటే రివర్స్‌లో వచ్చే శబ్దం క్లచ్ గురించి ఇచ్చే సాక్ష్యం; రెండో గేరులో మాత్రమే వచ్చే శబ్దం ఆ గేరు సింక్రో గురించి ఇచ్చే సాక్ష్యం. ఈ బండిలో రెండూ ఉన్నాయి. రెండింటికీ ఒకే కారణం ఉండి తీరాలని మొదటే అనుకోకుండా, వాటిని విడివిడిగా పరీక్షించాలని నిర్ణయించుకున్నాము.

బండి విప్పకుండా చేసిన పరీక్షలు

మొదట ఇంజిన్ ఆపి, బండిని కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ తోస్తూ అన్ని గేర్లూ వేసి చూశాము. అన్నీ మెత్తగా, పూర్తి లోతుకు పడ్డాయి. లివర్ దగ్గర బుష్ అరిగి కొంత ఊగుడు ఉంది గాని, గేరు పూర్తిగా పడకపోవడానికి అది చాలదు. లింకేజీ, అంటే లివర్‌ను బాక్సుతో కలిపే అమరిక, వల్ల గేరు సగమే పడుతుంటే, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అది జారి బయటకు రావాలి. అలా జరగడం లేదు కాబట్టి లింకేజీని అనుమానితుల జాబితాలో చివరికి పంపాము. బుష్ మాత్రం మార్చాము, ఎందుకంటే అది తక్కువ ధర వస్తువు, పైగా ఊగే లివర్ చేతికి తప్పుడు సమాచారం ఇస్తుంది.

తరువాత ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఐడ్లింగ్ వేగం, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, చూశాము. అది ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంది. కార్బ్యురేటర్ దగ్గర స్క్రూ సరిచేసి మామూలు స్థాయికి తెచ్చిన తరువాతే తక్కిన పరీక్షలు మొదలుపెట్టాము. ఐడ్లింగ్ ఎక్కువగా ఉన్న బండిలో మంచి క్లచ్ కూడా రివర్స్‌కు శబ్దం చేస్తుంది కాబట్టి, ఈ సర్దుబాటు లేకుండా చేసే ఏ పరీక్షకూ విలువ ఉండదు.

ఇక అసలు పరీక్ష. న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్లచ్‌ను నేలదాకా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి, రివర్స్‌ను మెల్లగా వేయాలి. క్లచ్ తొక్కగానే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోదు. స్విచ్ ఆపిన ఫ్యాను కాసేపు తిరిగి ఆగినట్లు, తన ఊపుతో కొంతసేపు తిరిగి ఆగుతుంది. క్లచ్ బాగుంటే అయిదారు సెకన్లు ఆగాక రివర్స్ నిశ్శబ్దంగా పడాలి. ఈ బండిలో పది లెక్కపెట్టి వేసినా అదే గరగర. అంటే షాఫ్ట్ తన ఊపుతో తిరగడం లేదు, దాన్ని ఏదో తిప్పుతూనే ఉంది.

దీన్ని మరోవిధంగా నిర్ధారించుకున్నాము. క్లచ్ తొక్కి ఉంచి ముందు మొదటి గేరు వేస్తే, దాని సింక్రో ఇన్‌పుట్ షాఫ్ట్‌ను బలవంతంగా ఆపుతుంది. క్లచ్ వదలకుండా వెంటనే రివర్స్‌కు మార్చాలి. మిగిలి ఉన్నది ఊపు మాత్రమే అయితే రివర్స్ శబ్దం లేకుండా పడుతుంది. ఇక్కడ శబ్దం తగ్గింది గాని పోలేదు. న్యూట్రల్ దాటే ఆ చిన్న వ్యవధిలోనే షాఫ్ట్ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. చివరగా ముందు చక్రాలకు అడ్డులు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలిపి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి ఇంజిన్ స్టార్ట్ చేశాము. వెనుక చక్రాలు నెమ్మదిగా తిరిగాయి. హ్యాండ్ బ్రేక్ కొద్దిగా లాగితే ఆగాయి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండిలో ఈ పరీక్ష ఎవరూ చేయకూడదు. చక్రాన్ని చేత్తో గాని కాలితో గాని ఆపే ప్రయత్నం అసలే కూడదు.

దీంతో క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని, అంటే పెడల్ తొక్కినా ఇంజిన్‌కూ గేరు బాక్సుకూ మధ్య సంబంధం పూర్తిగా తెగడం లేదని తేలింది. గేరు బాక్సు మార్చి ఉంటే యజమాని డబ్బు పెట్టి కూడా అదే రివర్స్ శబ్దాన్ని ఇంటికి తీసుకువెళ్లేవారు.

ముందు చేసినవి, వాటితో తీరనివి

క్లచ్ విడిపోకపోవడానికి కారణాలు గేరు బాక్సు దింపకుండా అందేవి కొన్ని, దింపితే గాని అందనివి కొన్ని. అందేవాటితో మొదలుపెట్టడం సహజం. పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలడం మొదలయ్యేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం, చాలా ఎక్కువగా ఉంది. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు కింద స్కేలు పట్టుకుని, కేబుల్ లాగితే రిలీజ్ బేరింగును తోసే ఫోర్కు కొస ఎంత కదులుతోందో చూడగా, పెడల్ ప్రయాణంలో చాలా భాగం కేబుల్‌లోనే పోతోందని అర్థమయింది. కేబుల్ తీసి చూస్తే లోపలి తీగలో కొన్ని పోగులు తెగి ఉన్నాయి, బయటి తొడుగు ఒకచోట నలిగి తొక్కినప్పుడల్లా కుంగుతోంది. కొత్త కేబుల్ వేసి, ఫ్రీ ప్లేను కంపెనీ మాన్యువల్ చెప్పిన పరిధిలో పెట్టాము. మొదటి గేరు చెప్పుకోదగినంత తేలికయింది. రివర్స్ శబ్దం తగ్గింది, కాని పోలేదు.

ఈ దశలో ఒక ప్రలోభం ఎదురవుతుంది. కేబుల్‌ను ఇంకా బిగిస్తే క్లచ్ ఇంకొంచెం విడిపోయి శబ్దం దాదాపు పోవచ్చు, బండి ఆ సాయంత్రమే ఇచ్చేయవచ్చు. మేము అలా చేయలేదు. ఫ్రీ ప్లే లేకుండా బిగించిన క్లచ్‌లో రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లకు ఎప్పుడూ ఆనుకునే తిరుగుతుంది, దాని ఆయువు తగ్గిపోతుంది. ప్లేటు అరిగేకొద్దీ ఆ వేళ్లు వెనక్కి వస్తాయి కాబట్టి కొద్దికాలంలోనే క్లచ్ జారడం కూడా మొదలవుతుంది. గుండిగలతో ఎత్తు ఎక్కే బండికి క్లచ్ జారడం, గేరు గరగర కంటే పెద్ద కష్టం.

ఆ తరువాత గేరు ఆయిల్. డ్రెయిన్ బోల్టు విప్పగానే ఘాటైన గంధకపు వాసన వచ్చింది, ఆయిల్ బాగా చిక్కగా ఉంది. షాపులో 90 నంబరు ఆయిల్ అని అడిగితే, వెనుక హౌసింగ్‌కు, అంటే డిఫరెన్షియల్‌కు, ఉద్దేశించిన జీఎల్-5 రకం ఇవ్వడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ రకంలో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన ఒత్తిడి తట్టుకునే రసాయనాలు ఎక్కువ. డిఫరెన్షియల్ పళ్లకు అవి కావాలి. ఇత్తడి సింక్రో రింగులకు మాత్రం రెండు విధాల చేటు: కొన్ని రకాల జీఎల్-5 ఆయిళ్లు ఆ లోహాన్ని మెల్లగా తింటాయి, పైగా రింగు పని చేయడానికి అవసరమైన రాపిడిని ఆ జారుడు తగ్గించేస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు అరవడానికి ఇది సరిపోయే కారణం.

దింపిన ఆయిల్‌ను పారబోసే ముందు తెల్లటి ట్రేలో పరచి ఎండలో చూశాము. సన్నటి బంగారు రంగు పొడి కనిపించింది, ఉక్కు ముక్కలు లేవు. ఈ తేడా ముఖ్యం. బంగారు రంగు పొడి సింక్రో రింగుల అరుగుదల. పళ్ల నుంచి గాని బేరింగుల నుంచి గాని రాలిన ఉక్కు ముక్కలు కనిపించి ఉంటే, తక్కినవన్నీ పక్కన పెట్టి బాక్సు విప్పవలసి వచ్చేది. మాన్యువల్ చెప్పిన గ్రేడులో, ఆ రసాయనాలు తక్కువగా ఉండే జీఎల్-4 ఆయిల్ పోశాము. మరునాటి నుంచి పొద్దుటి రెండో గేరు బాగా మెరుగుపడింది. రివర్స్‌లో తేడా లేదు. అది ముందే ఊహించినదే: ఇంజిన్ తిప్పుతున్న షాఫ్ట్‌ను ఏ ఆయిలూ ఆపలేదు. ఆ మాటకొస్తే చిక్కటి ఆయిల్ తన నిరోధంతో షాఫ్ట్‌ను కాస్త త్వరగా ఆపుతుంది కాబట్టి, సరైన ఆయిల్ పోశాక క్లచ్ లోపం ఇంకొంచెం స్పష్టంగా వినిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు.

బాక్సు దింపాలన్న నిర్ణయం

యజమాని అడిగిన ప్రశ్న న్యాయమైనది: “క్లచ్ మొత్తం కొత్తదే కదండీ, మళ్లీ దింపడం ఎందుకు?” దానికి మా సమాధానం, కొత్త సెట్టు అంటే ఆ సెట్టులోని వస్తువులు కొత్తవని మాత్రమే. క్లచ్ విడిపోవడంలో భాగం పంచుకునే రెండు చోట్లు ఆ అట్టపెట్టెలో రావు. ఒకటి, ఇంజిన్ వెనుక కొసన తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, మధ్యలో ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొసను మోసే చిన్న పైలట్ బేరింగు. రెండు, క్లచ్ ప్లేటు ముందుకూ వెనక్కూ జరిగే ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాళ్లు. పైలట్ బేరింగు బిగుసుకుపోతే, క్లచ్ పూర్తిగా విడిపోయినా ఫ్లైవీల్ ఆ బేరింగు ద్వారానే షాఫ్ట్‌ను తిప్పుతుంది. గాళ్ల మీద ప్లేటు పట్టేస్తే, ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగినా ప్లేటు ఫ్లైవీల్‌కు ఒరుసుకుంటూనే ఉంటుంది.

మరొక సూచన కూడా ఉంది. గేరులో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకున్నప్పుడు సన్నటి కీచు శబ్దం వచ్చేది. పెడల్‌ను కొద్దిగా తాకగానే మొదలయ్యే శబ్దం సాధారణంగా రిలీజ్ బేరింగుది. పూర్తిగా తొక్కి, షాఫ్ట్‌కూ ఫ్లైవీల్‌కూ వేగంలో తేడా ఏర్పడ్డాకే వచ్చే శబ్దం పైలట్ బేరింగు వైపు వేలు చూపుతుంది, ఎందుకంటే తక్కిన సమయంలో ఆ రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఆ బేరింగుకు పనే ఉండదు. కేబుల్, ఆయిల్, లింకేజీ, ఐడ్లింగ్ అన్నీ సరిచేశాక కూడా చక్రాల పరీక్షలో అదే ఫలితం రావడంతో బాక్సు దింపడానికి యజమాని ఒప్పుకున్నారు.

లోపల కనిపించినది మా అనుమానానికి సరిపోయింది. పైలట్ బేరింగులో గ్రీజు ఎండి, క్లచ్ పొడితో కలిసి గట్టిపడి ఉంది. వేలితో తిప్పితే కదలలేదు. షాఫ్ట్ కొస మీద ఆ బేరింగు లోపలి రింగు రాసుకుపోయిన మచ్చ ఉంది. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున తుప్పు చారలు నీళ్లు చేరిన సంగతి చెప్పాయి. గాళ్ల మీద తుప్పు పొడి ఉండి, ప్లేటును చేత్తో తొడిగి జరిపితే ఒకచోట ఆగింది. ఈ రెంటిలో ప్రధాన దోషం బేరింగుదేనని నా అభిప్రాయం. గాళ్ల మీద ప్లేటు పట్టేసినప్పుడు ఇబ్బంది సాధారణంగా ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా ఉంటుంది, రేజ్ ఇస్తే కొన్నిసార్లు వదిలేస్తుంది. ఇక్కడ అది ప్రతిసారీ ఒకే తీరుగా వచ్చింది.

పాత బేరింగును పుల్లరుతో లాగి, రెండు వైపులా సీలు ఉన్న కొత్తది వేశాము. వేసే ముందు షాఫ్ట్ కొసను సన్నటి ఎమరీతో శుభ్రం చేసి, కొత్త బేరింగును దాని మీద తొడిగి ఊగుడు లేదని చూసుకున్నాము. అక్కడ ఊగుడు ఉండి ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ మార్చవలసి వచ్చేది. గాళ్లను వైరు బ్రష్‌తో తోమి, వేడికి కరగని గ్రీజును అతి పల్చగా రాసి, ప్లేటును చాలాసార్లు జరిపి, బయటకు వచ్చిన గ్రీజునంతా తుడిచేశాము. అక్కడ మిగిలిన గ్రీజు తిరుగుడుకు ఎగిరి ప్లేటు లైనింగ్ మీద పడుతుంది. ఫోర్కు ఆనే చోటా ఇంత గ్రీజు పెట్టి, ప్లేటును సెంటరింగ్ పనిముట్టుతో నిలిపి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాము.

బాక్సు ఎక్కించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఒకటి ఉంది, దీన్ని కుర్రవాళ్లకు నేను పదేపదే చెబుతాను. షాఫ్ట్ గాళ్లలోకి సగం వెళ్లాక చేతులు నొప్పెట్టి బాక్సును ఒక్క క్షణం వదిలేసినా, దాని బరువంతా క్లచ్ ప్లేటు మధ్య భాగం మీద వేలాడుతుంది. ప్లేటు కంటికి కనబడనంత వంగుతుంది. వంగిన కొత్త ప్లేటు పూర్తిగా విడిపోదు, బండి మళ్లీ అదే గరగరతో తిరిగి వస్తుంది. అందుకే బాక్సును కింద జాకీతో మోస్తూ, అంచులు కలిసి బోల్టులు పడేదాకా ఎత్తు సరిచూసుకుంటూ ఎక్కించాము.

బాక్సు విప్పాలా వద్దా

బాక్సు కింద ఉన్నప్పుడే రెండో గేరు సింక్రో కూడా మార్చేస్తే మంచిది కాదా అన్న ప్రశ్న మీద ఎక్కువసేపు ఆలోచించాము. విప్పడానికి అనుకూలమైన వాదన బలమైనదే: తరువాత ఎప్పుడో విప్పవలసి వస్తే దింపే కూలి మళ్లీ పడుతుంది. వ్యతిరేకంగా ఉన్నవి మూడు సంగతులు. ఉక్కు ముక్కలు లేవు; గేరు జారడం లేదు; వేడెక్కాక శబ్దం వచ్చేది మూడు నుంచి రెండుకు తొందరగా దించినప్పుడు మాత్రమే. అదీగాక, ఇన్నాళ్లూ ఆగి ఉన్నప్పుడు గేరు వేసిన ప్రతిసారీ, ఇంజిన్ తిప్పుతున్న షాఫ్ట్‌ను ఆపే భారం సింక్రోల మీద పడింది. ఆ భారం తీసేశాక అరుగుదల వేగం తగ్గాలి. షాఫ్ట్ బేరింగుల ఊగుడు, వెనుక సీలు చూసి, అవి బాగున్నాయని తేల్చుకుని, బాక్సు విప్పకుండానే ఎక్కించాము. రెండో గేరు దించేటప్పుడు కొంత శబ్దం మిగులుతుందని యజమానికి ముందే చెప్పి, బిల్లు మీద రాసి ఇచ్చాము. చెప్పకుండా వదిలేసి ఉంటే, రివర్స్ ఎంత బాగుపడినా ఆ చిన్న శబ్దం వినగానే మొత్తం పని మీద ఆయనకు నమ్మకం పోయేది.

ఫలితం

చక్రాల పరీక్షలో వెనుక చక్రాలు కదలలేదు. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేస్తే రివర్స్ శబ్దం లేకుండా పడుతోంది. తొక్కిన వెంటనే వేస్తే చిన్న టక్కు వస్తుంది. సింక్రో లేని గేరుకు అది సహజం. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని రెండు అలవాట్లు చేయించాము: బండి పూర్తిగా ఆగాక, కాస్త ఆగి రివర్స్ వేయడం, మూడు నుంచి రెండుకు దించేటప్పుడు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, కొద్దిగా రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి వేయడం. రెండోది పాత లారీ డ్రైవర్లకు బాగా తెలిసిన పద్ధతి. గేరు ఆయిల్ డబ్బాను యజమానికి చూపించి, దాని మీది జీఎల్-4 గుర్తును ఫోటో తీసుకోమన్నాము, తరువాత ఆయిల్ ఎక్కడ పోయించినా అదే అడగాలి కాబట్టి. నీటి పైపు పెట్టి కింది నుంచి బెల్ హౌసింగ్ వైపు కొట్టి కడగవద్దని కూడా చెప్పాము.

పెళ్లిళ్ల కాలం ముగిశాక బండిని మళ్లీ చూశాము. కేబుల్ ఫ్రీ ప్లే కొద్దిగా మాత్రమే మారింది, సరిచేశాము. ఆయిల్ కొంచెం తీసి చూస్తే బంగారు రంగు పొడి ముందుకంటే చాలా తక్కువగా ఉంది. రెండో గేరు దించేటప్పుడు శబ్దం అలాగే ఉంది, పెరగలేదు. బండి వేడెక్కాక ఒకటి నుంచి రెండుకు ఎక్కించేటప్పుడు కూడా అది రావడం మొదలైనా, బరువు మీద రెండో గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చినా, ఆయిల్‌లో ఉక్కు ముక్కలు కనిపించినా అప్పుడు బాక్సు విప్పుతామని యజమానితో మాట అనుకున్నాము.